గండిపేట పానీ

హైదరాబాదులో పాత మాట ఒకటుంది. గండిపేట పానీ ఒకసారి తాగినవాడు ఇక ఈ షహర్ వదిలిపోడని. మా దాదీ మెహమాన్లకు గ్లాసు అందిస్తూ ఈ మాటే అనేది. గండిపేట అంటే ఉస్మాన్ సాగర్. ఆ చెరువు ఎందుకు పుట్టిందో, దాని నీళ్లు తాగి పెరిగిన షహరే దాన్ని చివరికి ఎలా పక్కన పెట్టిందో చెప్పుకోవాల్సిన తారీఖ్.

ముందు తుగ్యానీ సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడింది. మొహల్లాలకు మొహల్లాలే కొట్టుకుపోయాయి. పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంటారు. ఇప్పటి ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారట. మరుసటి ఏడాది మీర్ మహబూబ్ అలీ ఖాన్ హుకూమత్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి ఎగువన ఆనకట్టలు కట్టి వరదను అక్కడే నిలపాలని ఆయన సలహా. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. అసలు మక్సద్ వరద ఆపడం. తాగునీరు దానితో పాటు దొరికిన నేమత్. ఈ వరస గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అంతకు ముందు నీళ్లంటే బావి, బావ్డీ, హుస్సేన్ సాగర్, మీర్ ఆలం చెరువు. భిస్తీ మష్క్ భుజాన వేసుకుని ఇంటింటికీ పోసేవాడు. మష్క్ లెక్కన పైసలివ్వాలి గనక ఎవరూ ఊరికే పారబోసేవారు కాదు. గండిపేట నీళ్లు ఏ మోటారూ లేకుండా, పల్లానికి పారుతూ ఆసిఫ్ నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు చేరేవి. అక్కడి నుంచి నల్లాల్లోకి. నల్లా వచ్చాక నీళ్లకు లెక్క పోయింది. రసూల్ (స) ఒక ముద్ నీటితో వజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ అంటే లీటరు కూడా కాదు. ఇవాళ మన మసీదుల్లో నల్లా తిప్పి వదిలేసి, తీరిగ్గా సాక్సులు విప్పుకునే సాహెబ్‌లను మీరూ చూసే ఉంటారు.

1901 జనాభా లెక్కల్లో హైదరాబాదు నాలుగున్నర లక్షల ఊరు. ఇప్పుడు కోటి దగ్గర. జనం పెరిగారు, ఒక్కో మనిషి వాడకమూ పెరిగింది. 1960లలో మంజీరా వచ్చింది, తర్వాత సింగూరు. 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి. కృష్ణా వంద కిలోమీటర్ల పైగా, గోదావరి నూట ఎనభై కిలోమీటర్ల పైగా ప్రయాణం చేసి రావాలి. దారంతా పంపులు, కరెంటు. ఇంటి దగ్గర పల్లానికి పారే నీళ్లు చాలక కొండెక్కించే నీళ్లు తెచ్చుకున్నాం.

ఈలోగా చెరువుల చుట్టూ భూమి ధర పెరిగింది. 1996లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హుకూమత్ జీవో 111 తెచ్చింది. రెండు జలాశయాలకు పది కిలోమీటర్ల లోపు, 84 గ్రామాల్లో, కాలుష్యం చేసే కార్ఖానాలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. శంషాబాద్ దగ్గర ఒక ఆముదం ఫ్యాక్టరీ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999లో, మళ్లీ 2000లో ఇచ్చిన తీర్పుల్లో కోర్టు చెరువుల పక్షానే నిలబడింది. ముప్పు జరిగి తీరుతుందని రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు, ముందే జాగ్రత్త పడాలని చెప్పింది. మన దేశపు పర్యావరణ కానూన్‌లో ఈ తీర్పుల పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ హుకూమత్ ఇచ్చిన జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. దానికి చెప్పిన కారణం నాకు అన్నిటికంటే అజీబ్‌గా అనిపించింది: నగరానికి అందే నీటిలో ఈ రెండు చెరువుల వాటా 1.25 శాతం కూడా లేదట. చెరువు చిన్నదైపోలేదు. మన దాహం పెద్దదైంది, ఆ పెద్ద దాహం పక్కన అది చిన్నగా కనబడింది. ఇంకోటి, వరద ఆపే పనికి శాతాల లెక్క ఎక్కడిది? 2020 అక్టోబరు వానలకు హిమాయత్ సాగర్ గేట్లెత్తిన రాత్రి, ఆ నీళ్లు ఎటు పోతాయోనని మూసీ ఒడ్డు బస్తీల్లో ఎవరూ నిద్రపోలేదు. జీవో గొడవ కోర్టు దాకా పోయింది.

తెచ్చుకున్న నీళ్లు ఏమవుతాయన్నది తారీఖ్‌లో రెండో సగం. సరఫరా అయిన నీటిలో ఎనభై శాతం దాకా మురుగుగా బయటికొస్తుందని ఇంజినీర్లు లెక్కగడతారు. అందులో శుద్ధయ్యేది కొంత, మిగతాది సీదా మూసీలోకే. ఎండాకాలం ఎండిపోవాల్సిన నది షహర్ కింద ఏడాదంతా పారుతోందంటే అది మన బాత్రూముల, కార్ఖానాల పుణ్యమే. ఆ నీళ్లతో దిగువ పల్లెలు కత్వలు కట్టి వరి పండిస్తాయి, గేదెలకు గడ్డి పెంచుతాయి. ఆ రైతులకు వేరే నీళ్లు లేవు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు పొద్దున్నే మన చాయ్‌లోకి వస్తాయి.

చివరికి మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ చోటుకి వజీరాబాద్ అనీ పేరుంది. అది నాగార్జునసాగర్‌కు దిగువన. అంటే హైదరాబాదు మంచి కృష్ణను పైన తీసుకుంటుంది, వాడినదాన్ని కింద కలుపుతుంది. ఆ తర్వాత వచ్చేవి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. ఈద్‌కి మనింటికి వచ్చే బెజవాడ రిష్తేదార్ల నల్లా అక్కడి నుంచే.