గాలికి బాడుగ

మా నాన్నగారి రాతబల్లను నెల్లూరు జిల్లాలోని మా ఊరి నుంచి పుణెలో ఉన్న మా అమ్మాయి ఇంటికి పంపవలసి వచ్చింది. 1958లో మా ఊరి వడ్రంగి టేకుతో చేసిన బల్ల అది. నాన్నగారు తెలుగు పండితులు. మొదట ఆయన, తరువాత నేను, ఆ బల్ల మీదనే పిల్లల జవాబు పత్రాలు దిద్దాము. కుడివైపు మూలన ఇద్దరి ఎర్రసిరా మరకలూ కలిసిపోయి, ఏది ఎవరిదో చెప్పలేని స్థితికి వచ్చాయి. ఇల్లు అమ్మక తప్పనప్పుడు, "తక్కినవి ఏమైనా చేయండి నాన్నా, తాతయ్య బల్ల మాత్రం నాకు పంపండి" అన్నది అమ్మాయి.

రవాణా కార్యాలయంలో గుమాస్తా కొలతలు అడిగాడు. నేను బరువు చెప్పాను, 55 కిలోలని. "బరువు కాదు సార్, కొలతలు" అన్నాడు. పొడవు 150 సెంటీమీటర్లు, వెడల్పు 75, ఎత్తు 78. మూడింటినీ హెచ్చించి, 5000తో భాగించి, "నూట డెబ్బై అయిదున్నర కిలోలు" అని తేల్చాడు. మరి ఆ తక్కిన 120 కిలోలు ఎక్కడివయ్యా అంటే, బల్ల కింది ఖాళీ స్థలానివట! ఆయన చెప్పిన బాడుగతో కొత్త బల్ల ఒకటి కొనవచ్చును. ఆ మాట కూడా ఆయనే అన్నాడు, పాపం, సదుద్దేశంతోనే.

ఇంటికి వచ్చినా ఆ లెక్క నన్ను వదలలేదు. గాలికి బరువు కట్టే ఈ సంప్రదాయం ఎప్పుడు పుట్టిందా అని వెదకగా, ఇది నిన్న మొన్నటి కొరియరు వారు కల్పించినది కాదని తేలింది. దాని వేరు మనం నిత్యం వాడే 'టన్ను' అనే మాటలోనే ఉన్నది. ఇంగ్లీషువారి 'టన్' అనగా మొదట తూనిక కాదు, పీపా. మధ్యయుగాలలో ఫ్రాన్సు దేశపు బోర్డో రేవు నుంచి ఇంగ్లండుకు ద్రాక్షాసారాయి పీపాలలో వెళ్ళేది. ఒక్కొక్క పెద్ద పీపా 252 గ్యాలన్లు పట్టేది. ఓడ ఎంత పెద్దదంటే, ఇన్ని పీపాలు పట్టేటంత పెద్దదని చెప్పేవారు. కాలక్రమాన ఆ పీపా నిండా ఉన్న సారాయి బరువే టన్నుగా స్థిరపడింది. మా నెల్లూరివారికి ఇది వింతగా తోచదు. పుట్టి అంటే ఇరవై తూముల కొలపాత్ర లెక్క. అన్ని గింజలు చల్లదగిన నేలను కూడా పుట్టి అన్నారు. చివరకు మా రైతులకు అది 850 కిలోల తూనిక అయి కూర్చున్నది. కొలత తూనికగా మారడం ఒక్క ఇంగ్లీషు భాషకే చెల్లిన విద్య కాదు.

ఓడలో మాత్రం టన్ను తన పాత అర్థాన్ని మరచిపోలేదు. 1854 నాటి బ్రిటిషు నౌకావాణిజ్య చట్టం ఓడ లోపలి చోటును 100 ఘనపుటడుగులకు ఒక టన్ను చొప్పున లెక్కించమన్నది. సరుకు బాడుగకేమో 40 ఘనపుటడుగుల టన్ను వాడుకలోకి వచ్చింది. ఇనుము వేసినవాడు బరువుకు చెల్లించాలి, దూది వేసినవాడు చోటుకు చెల్లించాలి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఇందులో అన్యాయం ఏమీ లేదు. నా బల్ల కింద ఉన్న ఖాళీలో ఇంకొకరి సరుకు పట్టదు కదా! విమానాలవారు సాధారణంగా 6000తోను, కొరియర్లవారు 5000తోను భాగించడం ఆ పాత న్యాయానికి కొత్త రూపమే.

ఈ గాలిని బయటికి తోలినవారిలో అగ్రగణ్యుడు మిహాయెల్ థోనెట్. జర్మనీలో పుట్టి, 1842లో వియన్నా చేరిన వడ్రంగి. బీచి కర్రను ఆవిరిలో మెత్తబరచి వంచే విద్య అతనిది. 1859లో వెలువడిన అతని 14వ నంబరు కుర్చీ పరిణతి చెందిన రూపంలో ఆరు కర్రముక్కలు, పది మరలు, రెండు నట్లు మాత్రమే. విడి భాగాలుగా కడితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి! బిగించిన కుర్చీలను పక్కపక్కన పెడితే అదే చోటులో అయిదారు పట్టడం గగనం. మొరేవియా అడవుల నడుమ కార్ఖానా పెట్టుకొని, ఖండాంతరాలకు కుర్చీలు పంపగలిగాడంటే ఆ పెట్టె చలవే. 1930 నాటికి అయిదు కోట్ల కుర్చీలు అమ్ముడుపోయాయని ప్రతీతి. కుర్చీ అందాన్ని గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. నాకు మాత్రం ఆ పెట్టె మీదనే ఎక్కువ గౌరవం.

తరువాత చెప్పుకోవలసిన సంవత్సరం 1956. ఆ ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని అమెరికాలోని న్యూఅర్క్ రేవు నుంచి హ్యూస్టనుకు 58 ఇనుపపెట్టెలను ఓడలో పంపాడు. విడివిడిగా సరుకు ఎక్కించడానికి టన్నుకు 5 డాలర్ల 83 సెంట్లు అయ్యే రోజులవి. పెట్టెలతో అది 16 సెంట్లకు లోపే పడింది. అదే ఏడాది స్వీడనులో గిలిస్ లుండ్‌గ్రెన్ అనే ఉద్యోగి ఒక మూడుకాళ్ళ బల్లను కారులో పెట్టబోయి, అది పట్టక, కాళ్ళు ఊడదీశాడట. అతడు పని చేసిన సంస్థ ఐకియా. 2018 ఆగస్టులో మన హైదరాబాదులో తన మొదటి భారతీయ దుకాణాన్ని తెరచినది ఆ సంస్థే.

సముద్రం చవకైంది, గాలి తొలగింది. అయినా ఇంటికి చేర్చే బాడుగ దిగలేదేమి? నా బుద్ధికి తట్టినది ఇది: రేవు నుంచి గోదాము వరకూ పని యంత్రాలది, గోదాము నుంచి పడకగది వరకూ మనుషులది. చిన్న పొట్లాలు యంత్రపు పట్టాల మీద వాటంతట అవే దొర్లిపోతాయి. బీరువా దొర్లదు. దానికి ఇద్దరు మనుషులు కావాలి, మెట్ల మలుపు దగ్గర నిలువుగా తిప్పాలి, గోడకు గీత పడితే మాట పడాలి, ఇంట్లో ఎవరూ లేకపోతే మళ్ళీ రావాలి. వచ్చిన బండి ఖాళీగా తిరిగి వెళ్ళాలి. మెక్లీన్ పెట్టె ఆ మెట్లు ఎక్కదు. ఐకియా కూడా ఈ భారాన్ని లేకుండా చేయలేదు సుమా! మీ కారులో మీరే తీసుకువెళ్ళండి, మీరే బిగించుకోండి అని కొన్నవారి భుజాల మీదికి నెట్టింది. కూలి మిగిలింది కాదు, కూలివాడు మారాడు.

ఇంత చదివాక బల్ల కాళ్ళు ఊడదీయించక ఏం చేస్తాను? ఆనాటి వడ్రంగి మనుమణ్ణి పిలిపించాను. నాన్నగారి బల్లకు రంపం పెట్టించడమా అని రాత్రంతా నిద్ర లేదు. అతడు బల్లను బోర్లించి చూసి, "తాత జిగురు వేయలేదు అయ్యోరూ, వెదురు చీలలే కొట్టాడు" అన్నాడు. చీలలు వెనక్కి కొట్టగానే మూడు కాళ్ళూ కుసులతో సహా బెజ్జాలలోంచి బుద్ధిమంతుల్లా బయటికి వచ్చాయి. నాలుగవది రాలేదు. 1996లో అది కదులుతున్నదని నేనే ఒక ఇనుపమేకు కొట్టించాను. అది తుప్పు పట్టి లోపలే ఉండిపోయింది. అక్కడ మాత్రం రంపం పెట్టక తప్పలేదు.

కాళ్ళు పక్కన చేర్చి కడితే కట్ట మందం 22 సెంటీమీటర్లు వచ్చింది. గుమాస్తా మళ్ళీ హెచ్చించి, మళ్ళీ భాగించి, "నలభై తొమ్మిదిన్నర, ఇప్పుడు అసలు బరువే ఎక్కువ సార్" అన్నాడు. 55 కిలోలకు డబ్బు కట్టాను. పుణెలో లారీవాడు గేటు దగ్గరే దించి వెళ్ళాడు. అల్లుడూ, వాచ్‌మనూ కలిసి మూడవ అంతస్తుకు మోశారు. మూడు కాళ్ళు చీలలతో బిగిశాయి. నాలుగవదానికి ఇనుపపట్టీ వేశారు. రాసేటప్పుడు కొంచెం ఊగుతున్నదని మనుమడు దాని కింద కాగితం మడిచి పెట్టుకున్నాడట.