బొగ్గు పెరిగింది, మనుషులు తగ్గారు: సింగరేణి ఓటు, వాతావరణ విధానం

గోదావరిఖని పక్కన యైటింక్లయిన్ (ఎయిట్ ఇంక్లయిన్) కాలనీ ఉంది. గని నంబరే అక్కడ ఊరి పేరు. బొగ్గు ప్రాంతంలో చిరునామా అడిగినా, చుట్టరికం కలిపినా మాట బాయి (గని) దగ్గరికే వస్తుంది. తాత ఏ బాయిలో దిగాడో మనవడికి తెలుసు. వాతావరణ విధానం మీద మన చర్చలన్నీ మెగావాట్లలో, ఉద్గారాల టన్నుల్లో సాగుతాయి. అదే సంగతి ఈ కాలనీల్లో ఎత్తితే వచ్చే మొదటి ప్రశ్న వేరు: “మరి పిల్లగానికి నౌకరి?”

బొగ్గు నుంచి మళ్లే విధానానికి ఇక్కడ రేపు ఎలాంటి రాజకీయ స్పందన వస్తుందో తెలియాలంటే గత ముప్పై ఏళ్లు చూడాలన్నది ఈ వ్యాసంలో నా వాదన. 1990ల మొదట్లో ప్రభుత్వ బొగ్గు సంస్థ సింగరేణిలో లక్షా పదివేలకు పైగా కార్మికులుండేవారు. అప్పటి ఉత్పత్తి ఏటా దాదాపు రెండు కోట్ల టన్నులు. 2023-24లో ఉత్పత్తి ఏడు కోట్ల టన్నులు దాటింది. కార్మికులు మాత్రం నలభై వేల పైచిలుకే మిగిలారు. అంటే బొగ్గు మూడు రెట్లు పెరుగుతుండగానే మూడింట రెండు వంతుల ఉద్యోగాలు పోయాయి. తట్టా చెమ్మస్ పట్టిన చేతుల స్థానంలో యంత్రాలు వచ్చాయి. భూగర్భ గనులు వెనకబడి ఓపెన్‌కాస్టులు ముందుకొచ్చాయి. ఈ కోతకు పర్యావరణంతో ఏ సంబంధమూ లేదు. అయినా దాని జ్ఞాపకం ప్రతి ఇంట్లోనూ ఉంది. బెల్లంపల్లి చుట్టూ భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే బజారు ఎలా పలచబడిందో ఆ ఊరివాళ్లు కళ్లారా చూశారు. మార్పు పేరుతో ఎవరొచ్చినా వాళ్లు ముందు తలచుకునేది దాన్నే.

అందుకే ఇక్కడి రాజకీయాల్లో వారసత్వ ఉద్యోగానికి అంత బలం. బయటివారు దాన్ని ఆశ్రిత పక్షపాతంగా చూస్తారు. నేను ఒప్పుకోను. దుమ్ముకు ఊపిరితిత్తులు, బరువుకు నడుము అప్పగించిన మనిషి తన కొడుక్కి రాసిచ్చే ఆస్తి అదొక్కటే. 2011 సకల జనుల సమ్మెలో బాయిలు నెలకు పైగా ఆగిపోయాయి. కార్మికులు ఆ జీతం వదులుకున్నది తెలంగాణ రాష్ట్రం కోసం. రాష్ట్రం వస్తే కొలువులొస్తాయన్న నమ్మకం కూడా అందులో ఉంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తరువాత ప్రభుత్వం, ఆరోగ్యం చెడి పనికి పనికిరాని కార్మికుడి వారసుడికి కొలువిచ్చే కారుణ్య నియామకాల దారి పట్టింది, ‘మెడికల్ అన్‌ఫిట్’ అన్న మాట ప్రతి ఇంటి మాటైంది. 2012, 2017 గుర్తింపు సంఘం ఎన్నికల్లో టీఆర్ఎస్ (తరువాతి బీఆర్ఎస్) అనుబంధ తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గెలిచింది. 2023 డిసెంబరుకు గాలి మారిపోయింది. కొత్తగూడెం నుంచి చెన్నూరు దాకా బొగ్గు నియోజకవర్గాల్లో బీఆర్ఎస్ ఓడిపోయింది. అదే నెల 27న గుర్తింపు సంఘంగా ఏఐటీయూసీ గెలిచింది.

2021 చివరి రెండు నెలలను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూడాలి. నవంబరులో గ్లాస్గో సదస్సులో భారత్ 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల లక్ష్యం ప్రకటించింది. డిసెంబరు 9 నుంచి మూడు రోజులు సింగరేణి కార్మికులు సమ్మె కట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోని సంఘాలన్నీ ఆ మూడు రోజులూ ఒక్కటయ్యాయి. కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణిఖని బ్లాకులను వేలం వేయొద్దు, సింగరేణికే ఇవ్వండి అన్నది వారి డిమాండు. దేశం బొగ్గు తగ్గిస్తానంటున్న రోజుల్లో కార్మికులు ఇంకో నాలుగు బ్లాకులు అడిగారన్నమాట. దీన్ని వాతావరణ వ్యతిరేకతగా చదివితే పొరపాటు. ప్రైవేటు యజమాని చేతికి గని పోతే కొలువుకు పూచీ ఉండదన్నది వారి లెక్క, ఆ లెక్కలో తప్పేమీ లేదు.

మరి రాజ్యం వారికి ఎదురుగా ఏం పెట్టింది? 2010లో శుద్ధ ఇంధనం పేరుతో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు మొదలై 2016కు 400 అయింది. ఏడు కోట్ల టన్నులకు లెక్కిస్తే ఒక్క సింగరేణి బొగ్గు మీదే ఏడాదికి 2,800 కోట్లు. 2017లో ఆ సొమ్మును జీఎస్టీ పరిహారానికి మళ్లించారు. 2025 సెప్టెంబరులో సెస్సు ఎత్తేసి బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఇన్ని మలుపుల్లో ఎక్కడా గని మూతపడిన ఊరికంటూ ఒక పద్దు తెరవలేదు. సింగరేణి స్వయంగా మణుగూరు, ఇల్లెందు లాంటి చోట్ల సోలార్ ప్లాంట్లు పెట్టింది. మంచి పనే. కానీ ప్లాంటు నిలబడ్డాక అద్దాలు కడగడానికి, గడ్డి కోయడానికి, కాపలాకు కావలసింది కొద్దిమందే. మూడు షిఫ్టులు నడిచే బాయికి అది సాటి రాదు.

డబ్బు ఒక్కటే సరిపోదనడానికి జర్మనీ ఉంది. 2038లోగా బొగ్గు మానేస్తామని 2020లో చట్టం చేసి, బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల దాకా కేటాయించారు. అయినా తూర్పున లౌజిట్స్ ప్రాంతం ఓట్లు తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ వైపే మళ్లాయి. జర్మనీ ఏకీకరణ తరువాత 1990లలో అక్కడి లిగ్నైట్ గనుల కొలువులు ఒక్కసారిగా కూలిపోయాయి. ఆ గాయం మానకముందే రెండో మార్పు వచ్చి పడింది. బెల్లంపల్లికీ, లౌజిట్స్‌కూ ఈ పోలిక చాలు. తేడా కూడా ఉంది: సింగరేణిలో కోపం ఇంకా సంఘాల చేతుల్లోనే ఉంది, బేరంగానే నడుస్తోంది.

ఆ బేరంలో కూర్చోనివారి సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టిని తీసేది ఎక్కువగా ప్రైవేటు కాంట్రాక్టర్లు, తోలేది వారి దగ్గర పనిచేసే డ్రైవర్లు. 2023-24 లాభాల్లో విస్తరణకు పక్కన పెట్టింది పోగా మిగిలినదానిలో కార్మికుల వాటా 33 శాతం, 796 కోట్లు. పర్మనెంటు కార్మికుడికి సగటున లక్షా 90 వేలు అందింది. కాంట్రాక్టు కార్మికుడికి తొలిసారిగా 5,000 ఇచ్చారు. అదే గని, అదే దుమ్ము. రేపు గని మూసే రోజొస్తే పర్మనెంటు కార్మికుడికి ఇంకో ఏరియాకు బదిలీ ఉంటుంది, పింఛను ఉంటుంది. కాంట్రాక్టు డ్రైవరుకు టెండరు ముగిసిన తేదీయే ఆఖరి మస్టరు. 2023 డిసెంబరులో గుర్తింపు సంఘానికి ఓటేయగలిగినవారు దాదాపు 40 వేల మంది, అందరూ పర్మనెంటు కార్మికులే. బయట మట్టిగుట్టల మీద ఆ రోజూ టిప్పర్లు తిరిగాయి. వాటిని తోలేవారి పేర్లు ఆ జాబితాలో లేవు.