వేడిమికి కొలత వచ్చిన కథ



వేడిమి కంటికి కనబడదు, తక్కెడలో తూగదు, కుంచముతో కొలువ వీలుపడదు. అయినను వేడిమి నెఱుగక వంట లేదు. ఒకే వేడిమికి రెండు మూడు అంకెలు ఏల ఏర్పడెనో, ఒకదానిని మఱియొకదానిలోనికి ఎట్లు మార్చవలయునో నేడు విన్నవింతును. జి. కొండూరు, మైలవరము, నూజివీడు ప్రాంతముల వారికి దీనితో వంటయింటనే గాక మామిడితోటలోను పనియున్నది.

మన పూర్వులకు ఉష్ణమాపకము లేకున్నను కొలత లేకపోలేదు. పెనముపై నీళ్లు చిలుకరించి దాని కాకను తెలిసికొనిరి. అరిసెలకు పాకము పట్టు ఇల్లాలు చన్నీటి గిన్నెలో చుక్క వేసి, అది వ్రేళ్ల నడుమ ఉండ కట్టునా యని చూచును. ఇందలి మర్మమిది: పాకములో నీరు తగ్గినకొలది అది మరుగు వేడిమి పెరుగును. కావున పాకపు ముదురుదనమే దాని వేడిమికి గుర్తు. పంచదార పాకము తీగ సాగునపుడు సుమారు 110 సెంటిగ్రేడు డిగ్రీలును, మెత్తని యుండ కట్టునపుడు సుమారు 115 డిగ్రీలును ఉండును. ఐదు డిగ్రీల భేదమును మన యాడువారు వ్రేళ్లతోనే గుర్తించుచుండిరన్నమాట.

అయితే వ్రేళ్ల గుర్తును ఉత్తరములో వ్రాసి దూరదేశమునకు పంపుట కష్టము. అందుకు అంకె కావలసివచ్చెను.

డాన్‌జిగ్ పట్టణమున 1686లో జన్మించిన ఫారన్‌హీట్ 1714లో పాదరసముతో నమ్మదగిన ఉష్ణమాపకమును చేసెను. 1724లో తన కొలతను ప్రకటించెను. మంచు, నీరు, నవాసారము కలిపిన మిశ్రమపు చలిని ఆయన సున్నగా నెంచెను. ఆ లెక్కను మంచు కరగుచోటు 32. తరువాత స్థిరపడిన ప్రకారము నీరు మరుగుచోటు 212. ఫ్రాన్సులో రోమ్యూర్ 1730లో ప్రకటించిన కొలతయందు మంచునకు సున్నయు, మరుగునీటికి 80యు నిలిచెను. స్వీడను దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సెల్సియస్ 1742లో ఆ నడిమి దూరమును నూఱు భాగములు చేసెను. వింత యేమనగా, ఆయన మరుగునీటికి సున్నయు, మంచునకు నూఱును పెట్టెను! కొలది యేండ్లలోనే ఇతరులు దానిని తలక్రిందులు చేసి నేటి రూపమునకు తెచ్చిరి. మనము సెంటిగ్రేడనెడి ఈ కొలతకు 1948లో అంతర్జాతీయ సభవారు సెల్సియస్ పేరు స్థిరపఱచిరి.

ఇక మార్చు విధానము. 1956 నాటి చట్టము ననుసరించి 1958 అక్టోబరు మొదలు మన దేశమున క్రమముగా కిలోగ్రాములు వచ్చిన సంగతి మీలో వృద్ధులకు జ్ఞాపకముండును. వీశె యనగా 120 తులములు, సుమారు 1,400 గ్రాములు. అచ్చట ఒక్క గుణకారముతో పని తీరెను. ఏలయన, వట్టి తక్కెడ రెండు లెక్కలలోను సున్నయే. వేడిమి విషయమున సున్నలే వేఱు.

చెరువుగట్టు మెట్లపై రెండు గుర్తురాళ్లు ఉన్నవనుకొనుడు. క్రిందిది మంచు, పైది మరుగునీరు. ఒకడు చిన్న మెట్లు కట్టి వాని నడుమ 180 లెక్కించెను. రెండవవాడు పెద్ద మెట్లు కట్టి 100 లెక్కించెను. మొదటివాడు క్రింది రాతిని చేరకముందే 32 మెట్లు ఎక్కియున్నాడు. కావున ఫారన్‌హీటు అంకెనుండి ముందుగా 32 తీసివేసి, మిగిలినదానిని 9చే భాగించి 5చే గుణింపవలెను. సెంటిగ్రేడునుండి మరలునపుడు 5చే భాగించి, 9చే గుణించి, తుదకు 32 కలుపవలెను.

నేను చూచిన వంట పుస్తకములలో కొన్ని ఫారన్‌హీటును, కొన్ని సెంటిగ్రేడును వాడును. ఇంగ్లండు పుస్తకములలో గ్యాసు పొయ్యికి ‘మార్కు 4’ అనియు కనబడును. అది 350 ఫారన్‌హీటు, అనగా ఇంచుమించు 177 సెంటిగ్రేడు. అమెరికాలోని మన బిడ్డల యిండ్ల ఓవెనులు ఫారన్‌హీటువి. ఇచ్చటినుండి తల్లి 180 అని వ్రాసి కొలత పేరు విడిచెనా, అచ్చట కూతురు 180కే త్రిప్పును. అది 82 సెంటిగ్రేడు మాత్రమే. నీరైన మరుగదు, రొట్టె పిండిగానే యుండును.

వంటలో పోవునది పూట భోజనము. తోటలో పోవునది సంవత్సరపు కష్టము. 2006లో జపాను మన మామిడిని స్వీకరింప నంగీకరించినపుడు, పండులోని ఈగ గ్రుడ్లు నశించుటకై ఆవిరితో పండు లోపలి వేడిమిని 47.5 సెంటిగ్రేడు డిగ్రీలకు తెచ్చి 20 నిమిషములు నిలుపవలెనని నియమము పెట్టెను. మన బంగినపల్లియు ఆ పండ్లలో నున్నది. ఆ వేడిమి ఫారన్‌హీటులో 117.5. మొదటి యంకెను ఫారన్‌హీటని భ్రమించినచో పండు చల్లబడును, గ్రుడ్లు బ్రదుకును. రెండవదానిని సెంటిగ్రేడని భ్రమించినచో పండు ఉడికిపోవును. రెండు విధములను సరకు పనికిరాదు.

కావున వేడిమి యంకె వ్రాసిన ప్రతిచోట కొలత పేరును వ్రాయుడు. పేరులేని యంకెను నమ్మకుడు. మఱియొక మనవి. మీ యిండ్లలో పాకము చూడనేర్చిన వృద్ధురాండ్రుండిన, వారు ఉండ కట్టెనని చెప్పిన క్షణముననే ఉష్ణమాపకముంచి, ఆ యంకెను పిల్లలచేత వ్రాయింపుడు. వారి వ్రేళ్ల యెఱుక దూరముననున్న మనుమరాలికిని అందును.