ఇల్లు కొంటున్నారా? బయానా ఇచ్చే ముందే పక్క ఫ్లాట్ల రిజిస్ట్రేషన్ ధర చూడండి

హైదరాబాద్‌లో ఫ్లాట్ బేరం చాలాసార్లు బ్రోకర్ చెప్పిన రేటు మీదే నడుస్తుంది. "ఈ గల్లీలో గజం రేటు ఇంత" అంటాడు, మనం నమ్మేస్తాం. కానీ అదే బిల్డింగ్‌లో మిగతా ఫ్లాట్లు ఎంతకి రిజిస్టర్ అయ్యాయో సర్కారు రికార్డులో ఉంటుంది. అది ఎవరైనా చూడొచ్చు.

ఎక్కడ చూడాలి?

తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ తీయొచ్చు. 1983 నుంచి రికార్డు ఆన్‌లైన్‌లో ఉంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ఈసీలో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి మార్కెట్ వాల్యూ. పేరు అలా ఉన్నా అది బజారు ధర కాదు, స్టాంపు డ్యూటీ కోసం సర్కారు పెట్టిన కనీస విలువ. రెండోది దస్తావేజులో రాసుకున్న అమ్మకం ధర. బేరానికి పనికొచ్చేది ఈ రెండోదే.

అయితే ఒక జాగ్రత్త. హిబా, భాగపంపిణీ దస్తావేజుల్లో ఉండే విలువ అమ్మకం ధర కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. నోటిమాటగా చేసిన హిబా అయితే ఈసీలో అసలు కనిపించదు. కాబట్టి వారసులందరితో మాట్లాడాకే ముందుకెళ్లాలి. వక్ఫ్ భూమి కాదని నిషేధిత ఆస్తుల జాబితాలో కూడా చూసుకోవాలి.

బ్యాంకు లెక్క వేరు

లోన్ తీసుకుంటే బ్యాంకు తన వాల్యూయర్‌ని పంపుతుంది. ఆయన ఇల్లు చూసి, చుట్టుపక్కల అమ్మకాలు చూసి ఒక విలువ రాస్తాడు. అది, అగ్రిమెంటు ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే బ్యాంకు సాధారణంగా దాన్నే పట్టుకుంటుంది. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం 30 లక్షల వరకు లోన్ అయితే విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం దాటకూడదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఫ్లాట్ ధర 60 లక్షలు అనుకుందాం. అమ్మేవాళ్లు "42 లక్షలకే రిజిస్ట్రీ చేద్దాం, స్టాంపు డ్యూటీ మిగులుతుంది" అంటారు. మొత్తం రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం అనుకుంటే మిగిలేది 1 లక్షా 35 వేలు. కానీ 42 లక్షల మీద లోన్ 33.6 లక్షలే వస్తుంది. పూర్తి 60 లక్షలు చూపిస్తే, వాల్యూయర్ కూడా అంత విలువ రాస్తే, 48 లక్షల దాకా రావొచ్చు. అంటే లక్షా 35 వేలు మిగుల్చుకోడానికి 14.4 లక్షలు చేతి నుంచి ఎక్కువ పెట్టాలి!

అంతటితో అయిపోదు. ఆస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 42 లక్షలనే ఉంటుంది కాబట్టి లాభం ఎక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది.

ఇంకో మాట. అందరూ తక్కువ రాయించుకుంటే ఆ బిల్డింగ్ రికార్డే తక్కువగా మిగులుతుంది. తర్వాత కొనేవాళ్లకి బ్యాంకు విలువ తగ్గొచ్చు, అమ్మేవాళ్లకి గిరాకీ తగ్గొచ్చు.

వడ్డీ వద్దనుకునేవాళ్లకి

లోన్ లేకుండా కూడబెట్టిన డబ్బుతోనే కొనే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వాళ్ల తరఫున బ్యాంకు వాల్యూయర్ రాడు, ధర ఎక్కువని చెప్పేవాళ్లు ఉండరు. అందుకే వాళ్లకి ఈ రికార్డు ఇంకా ముఖ్యం. ఫీజు ఇచ్చి సొంతంగా వాల్యూయర్‌ని పెట్టుకోవడం కూడా మంచిదే.

బేరానికి కూర్చునే ముందు అదే బిల్డింగ్‌లో ఈమధ్య జరిగిన మూడు నాలుగు అమ్మకాల వివరాలు దగ్గర పెట్టుకోండి. రికార్డు ధర అసలు ధరకన్నా తక్కువ ఉండొచ్చు కాబట్టి అదే ఆఖరి మాట అనొద్దు. "ఇంత తేడా ఎందుకు?" అని అడగండి చాలు. లోన్ తీసుకునేవాళ్లు "బ్యాంకు విలువ తక్కువ వస్తే బయానా వాపసు" అనే షరతు అగ్రిమెంటులో రాయించుకోండి. నోటిమాట మీద వదిలేయొద్దు.