మడ చాటున యానాం

కోరంగి రేవు కళకళలాడిన రోజుల్లో దాని పక్కన యానాం చిన్న ఊరు. ఫ్రెంచి కంపెనీ 1723లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. వ్యాపారం సాగక 1727లో ఎత్తేసి, 1731లో మళ్లీ వచ్చింది. దగ్గర్లోనే నీలపల్లిలోనూ ఇంజరంలోనూ ఆంగ్లేయులు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్లు. అందరికీ కావలసింది గోదావరి పల్లెల్లో మగ్గాల మీద నేసిన బట్టే. ఐరోపాలో యుద్ధం వస్తే ఇక్కడ జెండా మారేది. 1793లో ఆంగ్లేయుల చేతికి పోయిన ఊరు, నెపోలియన్ యుద్ధాలు ముగిశాక గాని ఫ్రెంచి వారికి తిరిగి దక్కలేదు.

ఆ జెండాల కథ చాలామంది రాశారు. ఊరికీ సముద్రానికీ మధ్య కాపలా ఉన్న మడ అడవి కథ మాత్రం అంతగా ఎవరూ రాయలేదు. యానాం ఈనాటికీ ఎలా నిలిచి ఉందో తెలియాలంటే దాని దగ్గరికే వెళ్లాలి. ముందు ఆ కాపలా దేని నుంచో చూడాలి.

1789 డిసెంబరులో కోరంగి మీదికి మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. తుపానులకు ‘సైక్లోన్’ అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ ఆ ఉప్పెన గురించి ప్రత్యేకంగా రాశాడు. యాభై ఏళ్లు తిరిగేసరికి, 1839 నవంబరు 25న, అంతకంటే పెద్దది వచ్చింది. అందులో మూడు లక్షల మంది పోయారని చాలా పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాశాయి. అప్పటి కోరంగి పరిసరాల్లో అంత జనం ఉండే అవకాశం తక్కువ కాబట్టి ఆ అంకెను నమ్మడం కష్టం. నష్టం మాత్రం నిజం. ఓడలు విరిగిపోయాయి, ఊళ్లు కొట్టుకుపోయాయి. ఏరు పూడిక కూడా తోడై వర్తకం మెల్లగా కాకినాడకు తరలిపోయింది. కోరంగి మళ్లీ పెద్ద రేవు కాలేదు. ఏటి పైభాగాన ఉన్న యానాం మాత్రం నిలదొక్కుకుంది. 1880లో ఫ్రెంచి ప్రభుత్వం దానికి పురపాలక సంఘాన్ని కూడా ఇచ్చింది.

గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే బురదలో ఈ అడవి పెరుగుతుంది. మడ, తిల్ల, ఉప్పుపొన్న ఇక్కడి ముఖ్యమైన చెట్లు. ఉప్పుపొన్న కాండం నుంచి వేళ్లు వంగి దిగి, బురదను నాలుగు పక్కలా పట్టుకుంటాయి. మడ చెట్టు చుట్టూ చిన్న చిన్న వేళ్లు నేలలోంచి పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. పోటు వచ్చినప్పుడు రొయ్యపిల్లలు, చేపపిల్లలు ఆ వేళ్ల మధ్యకు చేరతాయి. మండపీతలకూ బావురు పిల్లికీ ఇదే ఇల్లు. ఉప్పెన వచ్చినప్పుడు ఆ వేళ్లే అలకు అడ్డుపడి దాని జోరు తగ్గిస్తాయి. వంటచెరకు, దడి కట్టుకునే కర్ర, గేదెల మేత అన్నీ ఇక్కడివే. ఊళ్లు మాత్రమే అడవిని వాడుకున్నంత కాలం అడవీ తట్టుకుంది.

దెబ్బ పడింది పెద్ద ఎత్తున నరికించడంతో. అడవిని కూపులుగా విడగొట్టి, ఒక్కో కూపులో చెట్లన్నీ కొట్టేయించారు. నీడ పోగానే ఎండ నేరుగా బురద మీద పడింది. నేలలో తేమ ఆవిరై, మట్టి కుంగి, మధ్యలో పళ్లెంలా గుంటలు పడ్డాయి. పోటుకు వచ్చిన నీళ్లు పాటుకు తిరిగి వెళ్లలేక అక్కడే ఉండిపోయి, ఎండకు ఇంకి, ఉప్పు పేరుకుంది. ఆ ఉప్పులో మడ గింజ కూడా మొలవదు. 1978లో 235 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని కోరంగి అభయారణ్యంగా ప్రకటించారు. నరుకుడు ఆగింది గాని బీడు బీడుగానే ఉండిపోయింది. పుల్లలకు వెళ్లే ఆడవాళ్లకూ అటవీ సిబ్బందికీ తగువులు ఎక్కువయ్యాయి. మరోపక్క 1990ల మొదట్లో టైగర్ రొయ్య మోజు తీరమంతా చెరువులు తవ్వించింది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. యానాం దగ్గరి భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకారుల ఊళ్లు ఘోరంగా దెబ్బతిన్నాయి. వేటకు వెళ్లిన పడవలెన్నో తిరిగి రాలేదు. చనిపోయినవాళ్లూ ఆచూకీ లేనివాళ్లూ కలిసి వెయ్యి దాటారు. అయిదు వారాల తర్వాత, డిసెంబరు 11న, తీర నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు వద్దని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ శీతాకాలంలో ఈ తీరపు ఊళ్లు తమ అడవిని కొత్త కళ్లతో చూశాయంటే ఆశ్చర్యం లేదు.

తర్వాత జరిగిన పని గురించి వివరంగా చెప్పుకోవాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి మట్లపాలెం, దిండు, కొబ్బరిచెట్టుపేట లాంటి ఊళ్లలో కమిటీలు వేయించాయి. బీడులో మొక్క ఎందుకు బతకడం లేదో మొదట కనిపెట్టారు: నీళ్లు పారడం లేదు. ఏటి నుంచి బీడు మధ్యకు ఒక పెద్ద కాలవ, దానికి రెండువైపులా చేపముల్లులా ఏటవాలుగా పిల్ల కాలవలు తవ్వారు. పోటుకు నీళ్లు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును కడిగి తీసుకుపోసాగాయి. తర్వాత కాలవల వెంట మడ మొక్కలు నాటారు. అడవి మీద ఆధారపడ్డవాళ్లే దానికి కాపలాదారులయ్యారు. పుల్లల ఖర్చు తగ్గించే పొయ్యిలు, బతుకుకు వేరే దారులు కూడా ఆ పనిలో భాగమే. అటవీ గార్డును చూసి తప్పుకునే ఊరివాళ్లు అతనితో ఒకే చాప మీద కూర్చుని ఏ చోట కొట్టకూడదో మాట్లాడుకోవడం, నాటిన మొక్కలంత విలువైన ఫలితం.

అడవి ఆంధ్ర వైపున ఉన్నా యానాంకు అది బయటి వస్తువు కాదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు ఊరిని ఫ్రెంచి పాలన నుంచి తప్పించారు. అదే ఏడు నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది, 1962 ఆగస్టు 16న చట్టపరంగా ఖాయమైంది. అయినా ఊరి రాజధాని రోడ్డు దారిన సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన పుదుచ్చేరిలోనే ఉంది, చుట్టూ ఆంధ్ర. యానాంకు చెందిన దరియాలతిప్ప సముద్రం వైపున ఉంటుంది. ఎదుర్లంక దగ్గర వంతెన వచ్చేవరకు జనం పంటు మీద గౌతమి దాటేవాళ్లు. పెళ్లి సంబంధాలు, సంత, చేపల బేరాలు ఏనాడూ సరిహద్దు చూడలేదు.

ఈ ఊరు నెత్తురు కూడా చూసింది. 2012 జనవరిలో ఒక కర్మాగారంలో కార్మిక వివాదం రగిలి, కార్మిక నాయకుడొకరు, కంపెనీ ఉన్నతాధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. కర్మాగారం తగలబడి ఏళ్ల తరబడి మూతపడింది, ఎన్నో ఇళ్లలో జీతం ఆగిపోయింది. మనుషులు మాట్లాడుకునే చోటు లేకపోతే ఎంత ఖరీదవుతుందో అప్పుడు తెలిసింది. మట్లపాలెం కమిటీల గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

అడవి అన్నిటినీ ఆపదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారినప్పుడూ, 2022 జూలై వరదలోనూ నీళ్లు ఎగువ నుంచి వచ్చాయి. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తున్నాయి, ఒండ్రు రాని డెల్టా అంచు అరిగిపోతోంది. ఉప్పాడ ఒడ్డు సముద్రంలోకి జారుతుండటం ఈ తీరంలో అందరికీ కనిపిస్తున్నదే. చేపముల్లు కాలవలు కూడా పూడుకుపోతుంటాయి. పూడిక తీయకపోతే బీడు మళ్లీ పైకి వస్తుంది. బయటి నిధులతో మొదలైన పథకాలు ముగిసిపోతాయి. ఆ తర్వాత పూడికతీత ఖర్చు ఆంధ్ర, పుదుచ్చేరి ప్రభుత్వాల బడ్జెట్లలో ఏటా ఒక పద్దుగా ఉండాలి. ఆ డబ్బు ఎక్కడ, ఎప్పుడు ఖర్చుపెట్టాలో ఏటి మీద రోజూ పడవ నడిపే మత్స్యకారులను అడిగి తేల్చాలి.