మధుమేహంలో ఎముకల ఆరోగ్యం: చరిత్ర, వికారాబాద్–తాండూరు ప్రాంతం

మధుమేహం ఉన్నవారిలో ఎముక బలం తగ్గుతుంది, చిన్నపాటి దెబ్బకే విరుగుతుంది, విరిగాక అతుక్కోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. కళ్లకు, మూత్రపిండాలకు, పాదాలకు షుగర్ చేసే కీడు చాలాకాలంగా తెలిసిందే. ఎముకల సంగతి మాత్రం వైద్యుల దృష్టికి ఆలస్యంగా వచ్చింది. వికారాబాద్, తాండూరు పల్లెల్లో ఎముకను ‘బొక్క’ అంటారు. బొక్కలు గుంజుతున్నాయని ఎవరైనా చెబితే వయసు మీదపడిందని సరిపెట్టుకోవడమే ఎక్కువ. షుగర్‌తో ముడిపెట్టి చూసేది తక్కువ.

ప్రాచీన కాలం

మధుమేహం కూడా చేరే ప్రమేహం అనే వ్యాధిని చరక సంహిత ఇరవై రకాలుగా విభజించింది. ఆ వ్యాధిలో చెడిపోయే ధాతువుల వరుసలో ఎముక లోపలి మజ్జను కూడా చేర్చింది. సుశ్రుతుడు ఎముక విరగడంలో పన్నెండు రకాలను, కీలు తప్పడంలో ఆరు రకాలను వేరు చేసి చెప్పాడు. ఆ తర్వాతి శతాబ్దాలలో తెలుగు నేల మీద బసవరాజీయం వంటి వైద్య గ్రంథాలు, కట్లు కట్టే నాటువైద్యుల చేతి నైపుణ్యం నిలిచాయి. పుత్తూరు కట్టుకు నేటికీ పేరుంది.

ఇన్సులిన్ తర్వాత

1922 జనవరిలో టొరంటోలో తొలిసారి ఇన్సులిన్ ఇచ్చాక, మధుమేహ బాలలు పెరిగి పెద్దవాళ్లయ్యే రోజులు వచ్చాయి. వాళ్ల ఎముకలను పరిశీలించే వీలు కూడా అప్పుడే కలిగింది. 1927లో మారిసన్, బోగన్ మధుమేహ పిల్లల ఎముకల ఎదుగుదలపై వ్యాసం ప్రచురించారు. అంతకు రెండేళ్ల ముందు, 1925లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కాల్షియంతో కలిసి ఎముకకు గట్టిదనమిచ్చేది భాస్వరమే. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా పేరొందిన ఈ అమూల్యమైన విధానం ప్రపంచమంతటా ప్రయోగశాలలకు చేరింది.

స్పర్శ పోయిన పాదంలో కీళ్లు శిథిలమవడానికి మధుమేహమూ కారణమని 1936లో జోర్డాన్ గుర్తించారు. 1948లో ఆల్‌బ్రైట్, రీఫెన్‌స్టీన్ మధుమేహానికీ ఎముక క్షీణతకూ ఉన్న సంబంధాన్ని ప్రస్తావించారు.

హైదరాబాద్ పరిశోధనలు

ఎముక దట్టంగా కనిపించినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్నట్లు కాదన్న పాఠం తెలుగువారికి, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధి నేర్పింది. 1937లో షార్ట్ బృందం నాటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఈ వ్యాధిని వివరించింది. రోగుల వెన్నెముకలు ఎక్స్‌రేలో మామూలుకన్నా దట్టంగా కనిపించాయి. మనుషులు మాత్రం నడుము వంచలేకపోయారు. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో నల్లగొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిన యువకుల గురించి రాశారు. వాళ్ల వెన్నెముక దట్టంగా, కాళ్ల ఎముకలు బోలుగా ఉన్నాయి.

అదే సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం ఎంతో విలువైనది. హైదరాబాద్‌లో 30–60 ఏళ్ల 289 మంది పేద మహిళలను పరీక్షిస్తే, తుంటి ఎముక మెడ దగ్గర 29 శాతం మందికి బోలు ఎముకల వ్యాధి కనిపించింది. 2007లో తిరుపతి స్విమ్స్‌కు చెందిన హరినారాయణ్ బృందం అక్కడి ప్రజల ఆహారంలో కాల్షియం తక్కువనీ, ఆరోగ్యవంతుల్లోనూ విటమిన్ డి లోపం ఉందనీ తేల్చింది.

వింత లెక్క

టైప్ 1 మధుమేహంలో ఎముక సాంద్రత తగ్గుతుంది. టైప్ 2లో మాత్రం దాన్ని కొలిచే డెక్సా యంత్రం సాంద్రత మామూలుగా, ఒక్కోసారి ఎక్కువగా కూడా చూపిస్తుంది. అయినా ఎముకలు విరుగుతాయి. 2007లో జంగోర్బానీ బృందం అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కిస్తే తుంటి విరిగే ముప్పు టైప్ 1లో సుమారు ఆరు రెట్లు, టైప్ 2లో సుమారు 1.7 రెట్లు అని తేలింది. రక్తంలో ఎక్కువైన చక్కెర ఎముకలోని కొల్లాజెన్ పోగులకు అంటుకుని వాటిని పెళుసుగా మారుస్తుంది. కొత్త ఎముక కట్టే కణాలు మందగిస్తాయి. సాంద్రతను కొలిచే యంత్రానికి ఈ పెళుసుదనం కనబడదు. 2006 తర్వాత షుగర్‌కు ఇచ్చే గ్లిటజోన్ మందులు వాడే మహిళల్లో ఎముకలు విరగడం ఎక్కువని బయటపడింది. 2024లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ తన ప్రమాణాల్లో ఎముకల ఆరోగ్యానికి ప్రత్యేక భాగం కేటాయించింది.

వికారాబాద్, తాండూరు

2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాకు అనంతగిరిలో నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి ఉంది. షుగర్ ఉన్నవారికి క్షయ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ; ఆ క్షయ వెన్నెముకకూ పాకగలదు. 2023లో వికారాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది.

తాండూరు నేలలో దండిగా ఉన్నది సున్నపురాయి, అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. కరన్‌కోట్‌లో సిమెంటు కర్మాగారం వెలిసిందీ దానివల్లే. పళ్లెంలో మాత్రం కాల్షియం కొరవడుతోంది. జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో 25 మిల్లీగ్రాములే ఉంటుంది. రోజుకు 300 గ్రాముల పిండితో రొట్టెలు చేసుకున్నా అందేది 75. భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దలకు సూచించినది 1000. అదే పట్టికలో రాగులకు 344, నువ్వులకు 1450 ఉన్నాయి. రొట్టె మీద అద్దిన నువ్వులు, పక్కన గిన్నెడు పెరుగు ఈ లెక్కను చాలావరకు మారుస్తాయి. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందులు మాంసకృత్తులకు మంచి ఆధారం.

పడిపోవడం రెండో సమస్య. ఇక్కడి ఇళ్లలో నీలి, పసుపు తాండూరు బండలే నేల. తిమ్మిరెక్కిన పాదానికి స్నానాల గదిలో బండ తడి తెలియదు. రాత్రి షుగర్ పడిపోయి తల తిరుగుతుంటే, చూపు మసకబారితే కాలు జారుతుంది. పాదంలో స్పర్శను వైద్యులు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును తాకించి చూస్తారు. నిమిషాల్లో అయిపోయే పరీక్ష ఇది. నొప్పి లేకుండా పాదం వాచి, వేడిగా ఉంటే లోపల ఎముకలు చితుకుతున్నాయేమోనని అనుమానించి, బరువు మోపనివ్వకుండా ఎక్స్‌రే తీయిస్తారు. ఇంట్లో చేసుకోవలసినది గరుకు బండ వేయించడం, గోడకు పట్టుకునే కడ్డీ బిగించడం, రాత్రిపూట చిన్న దీపం ఉంచడం.