గాడి తప్పిన పాట

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతపు తెలుగు ఇండ్లలో అటకలమీద పాత గ్రామఫోను ప్లేట్లు ఇప్పటికిని దొరుకుచున్నవి. ముల్లు పెట్టగానే బరబరమను చప్పుడు. లేదా ఒక్క మాటే పదేపదే. పాడైనవని పాత సామానులవానికి ఇచ్చివేయుచున్నాము. ఆ తొందర కూడదు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారినది. తిరువళ్ళూరు తాలూకా గ్రామములు కొన్ని ఆంధ్రకు పోయినవి. ఇల్లు కదలకుండగనే మేము పొరుగు రాష్ట్రమువారమైతిమి. అటుపిమ్మట మా ఇండ్లలో తెలుగు పద్యము వినిపించినది ఎక్కువగా ఈ ప్లేట్లే.

అవి లక్కలో రాతిపొడి కలిపి అచ్చు వేసినవి. నిమిషమునకు 78 చుట్లు. పక్కకు మూడు నిమిషముల పాట. ఆ రాతిపొడి ఉక్కుముల్లును అరగదీసి గాడికి సరిపెట్టును. కనుకనే పక్కకొక ముల్లు మార్చవలెనని నియమము. మేమో, పొదుపునకు పోయి ఒకే ముల్లుతో పది పక్కలు వాయించితిమి! అరిగిన ముల్లు ఉలివలె గాడి గోడలను చెక్కివేయును. నల్లని ప్లేటు బూడిదరంగుకు తిరిగినదంటే అదే కారణము. దానికి మందు లేదు.

నాటకపద్యములకు మరియొక కష్టము. ప్లేటు తిరుగు వేగము ఒక్కటే అయినను, లోపలి చుట్టు చిన్నది. అక్కడ ముల్లు క్రింద గాడి నడక మొదటిదానిలో సగమునకు తక్కువ. పద్యము చివర నటుడు తీయు రాగము సరిగా అక్కడనే పడును. అది బొంగురుగా వినిపించుట గాయకుని లోపము కాదు.

ఒకే మాట తిరిగి తిరిగి వచ్చుట గీత పడుటవలన. గోడ తెగి ముల్లు వెనుకటి చుట్టులోనికి జారును. లోకులు 'అరిగిపోయిన రికార్డు' అందురు గాని, అరిగినది గరగరలాడునే తప్ప మాటను తిప్పి చెప్పదు.

1948లో వినైలు ఎల్పీలు వచ్చినవి. వాని గాళ్లు సన్ననివి. ముల్లుమొన అంగుళములో వెయ్యోవంతు. పాత ప్లేటుకు దానికి మూడురెట్లు కావలెను. ఎల్పీ ముల్లు పాత గాడిలో అడుగుకు దిగి దుమ్ములో ఈడ్చుకొనిపోవును. చెడినదని మనము పారవేయు ప్లేట్లలో చాలవాటికి ఇంతే జబ్బు. స్పిరిటుతో మాత్రము తుడువకుడు, లక్క కరగిపోవును. ఎండ తగులనిచోట నిలువుగా ఉంచుడు. వేడికి వంగిన ప్లేటుమీద ముల్లు ఎగిరెగిరిపడును.

మొన్న మా ఇంట ఘంటసాల పాడిన పుష్పవిలాపము ప్లేటుకు సరియైన ముల్లు తగిలించితిమి. గొంతు స్పష్టముగా పలికినది. రెండవ పక్కన గీత ఉన్నచోట మాత్రము చేతితో దాటించవలసి వచ్చినది.